ఆగస్టు 15 గడువు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు అని మొదలుపెడదామంటే ఇక్కడ నేనూ ఈ మైకూ తప్ప ఎవరూ లేరు. కాబట్టి ముందు వరసలో కూర్చున్న మన లీగ్ కమిషనర్ గారికి, ఆయన నాకు బావమరిది కూడా, ప్రత్యేక నమస్కారం. ఎందుకు ప్రత్యేకమో కాసేపట్లో మీకే తెలుస్తుంది. గ్యారేజీ ఖాళీ చేసి ఇచ్చినవారికి, అవతల బజ్జీలు వేస్తున్న వదినగారికి ధన్యవాదాలు.

మన ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌లో ఈ ఏడాది కొత్తగా నలుగురు చేరారు. కీపర్ని, అంటే పోయినేటి జట్టులోంచి ఈ ఏడుకి అట్టిపెట్టుకునేవాణ్ణి, ఎలా ఎంచుకోవాలో, ఆటగాడి విలువ ఎలా కట్టాలో వాళ్ళకి ఇరవై నిమిషాల్లో చెప్పమన్నారు. చెబుతాను. నాకు మరో విషయం కూడా ఉంది, అది చివర్లో.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళని పంచుకుని కాగితం మీద జట్లు కట్టి, వాళ్ళు నిజం మ్యాచుల్లో ఆడినదాన్నిబట్టి పాయింట్లు లెక్కేసుకునే ఈ ఫ్యాంటసీ ఫుట్‌బాల్ ఫోన్లతో పుట్టిన ఆట అనుకుంటారు చాలామంది. కాదు. 1962లో బిల్ వింకెన్‌బాక్ అని ఓక్లండ్ రైడర్స్ జట్టులో వాటాదారు ఒకాయన, న్యూయార్క్ హోటల్లో మిత్రులతో కూర్చుని దీని రూల్స్ రాశాడు. మరుసటేడు ఓక్లండ్‌లో మొదటి డ్రాఫ్ట్, అంటే రౌండుకి ఒక్కణ్ణి చొప్పున వంతులవారీగా ఆటగాళ్ళని ఎంచుకోవడం, జరిగింది. పాయింట్లన్నీ చేత్తో లెక్కపెట్టుకునేవారు. వాళ్ళలోనూ బావమరుదులు ఉండే ఉంటారు, నాకు తెలీదు.

ఇక కీపర్. మనవాళ్ళకి సన్‌రైజర్స్ లెక్కలో చెబితే చటుక్కున ఎక్కుతుంది. 2025 వేలానికి ముందు క్లాసెన్‌ని 23 కోట్లిచ్చి అట్టిపెట్టుకున్నారు కదా, అంతకుముందు అతన్ని కొన్నది 5.25 కోట్లకి. ఐపీఎల్‌లో ఉంచుకోవాలంటే కొత్త ధర కట్టాలి. మన లీగ్‌లో పాత ధరే, కాస్త పెంచి. పోయినేడు 9వ రౌండులో తీసుకున్నవాణ్ణి ఈ ఏడు 8వ రౌండు వదులుకుని ఉంచుకోవచ్చు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకుండా మధ్యలో దొరికినవాడైతే 12వ రౌండు. జట్టుకి ఒక్కడే కీపర్.

కొత్తవాళ్ళు మొదట చేసే పొరపాటు తమ జట్టులో అందరికంటే పెద్ద పేరున్నవాణ్ణి ఉంచుకోవడం. మొదటి రౌండు వాణ్ణి మొదటి రౌండు ధరకే ఉంచుకుంటే మిగిలిందేమిటి? బజార్లో వంద రూపాయల చీరని వందకే కొని ఇంటికొచ్చి సంబరపడ్డట్టు. మీరు వదులుకునే రౌండెంత, ఈ ఏడు డ్రాఫ్ట్‌లో ఉంటే అతను పోయే రౌండెంత, ఆ తేడా చూడండి. 2023లో పూకా నకూవా అని రామ్స్ జట్టు కుర్రాడు, అసలు ఎన్ఎఫ్ఎల్, అంటే నిజం జట్ల లీగ్, డ్రాఫ్ట్‌లోనే ఐదో రౌండు. మన పన్నెండు మందిలో ఎవరికీ వాడి పేరు పలకడం కూడా రాదు. 105 క్యాచులు పట్టి 1,486 గజాలు చేశాడు. కొత్తగా వచ్చినవాళ్ళలో అంతకుముందు ఎవరూ చేయనంత. మరుసటేడు వాణ్ణి 12వ రౌండుకి ఉంచుకున్నారు మన వెనక వరస మాస్టారు. 2024లో మోకాలు దెబ్బతిని 11 మ్యాచులే ఆడాడు. అయినా మాస్టారికి పోయిందేమీ లేదు, ఇచ్చింది 12వ రౌండే కదా.

రెండోది, ఎవడు ఎన్ని పాయింట్లు చేశాడన్నది ఒక్కటే చూడకండి. ఉచితంగా దొరికేవాడికంటే ఎన్ని ఎక్కువ చేశాడో చూడండి. జట్లు పన్నెండు, ఒక్కో జట్టుకి ఆడేది ఒక్క క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి పాస్ వేసేవాడు. అంటే 13వ క్వార్టర్‌బ్యాక్ ఊరికే పడుంటాడు. ఉదాహరణకి మీవాడు 320 చేశాడు, ఊరికే దొరికేవాడు 260 చేశాడు, తేడా 60. అదే బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ 250 చేశాడనుకోండి, అక్కడ ఊరికే దొరికేవాడు 110 కూడా చెయ్యడు. 320 కంటే 250 విలువైంది. ఇది మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను, కూరగాయల లెక్కలో చెబితే అర్థమైంది. బంగాళాదుంప ఎక్కడైనా దొరుకుతుంది, గోంగూర కనబడితే వదలకూడదు.

అయితే ఆ గోంగూర తొందరగా వాడిపోతుంది. టాడ్ గర్లీ అనే రన్నింగ్ బ్యాక్ 2018లో 21 టచ్‌డౌన్లు, అంటే మన గోల్స్ లాంటివి, చేశాడు. 2020 మార్చిలో రామ్స్ వదిలేశారు, అప్పటికి వాడికి పాతికేళ్ళు.

మన ఫ్రిస్కో వాళ్ళకో ప్రత్యేకమైన జబ్బుంది. డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రాక్టీసు చేసేది మన ఊళ్ళోనే కాబట్టి వాళ్ళ ఆటగాళ్ళు మన డ్రాఫ్ట్‌లో ఒక రౌండు ముందే పోతారు. నేనూ మినహాయింపు కాదు, ఎజికీల్ ఎలియట్ జెర్సీ ఇంకా మా క్లోజెట్‌లో ఉంది.

వేలం పద్ధతి లీగుల గురించి కూడా రాసుకొచ్చాను, గబగబా చెప్పేస్తాను. పన్నెండు జట్లు, తలా 200 డాలర్లు, మొత్తం 2,400. బజార్లోని మొత్తం సరుకు కూడా 2,400 విలువే అనుకోండి. అందులో 600 విలువైనవాళ్ళని కీపర్ ధరకి 300కే ఉంచేసుకున్నారు. మిగిలిన డబ్బు 2,100, మిగిలిన సరుకు 1,800. కాబట్టి 48 డాలర్ల వాడు 56కి పోతాడు. 48కే దొరుకుతాడని చేతులు కట్టుకు కూర్చుంటే ఎవరూ దొరకరు. మా ఆఫీసు లీగ్‌లో ఒకాయన అలాగే కూర్చుని చివరికి 40 డాలర్లు మిగుల్చుకుని ఇంటికెళ్ళాడు. అవేమీ నిజం డబ్బులు కావు, చీపురు కొనడానికి కూడా పనికిరావు.

సరే. ఇప్పుడు 2019.

కమిషనర్ గారు తల దించుకుంటున్నారు చూడండి. దించుకోకు నాయనా, ప్రేమతోనే చెబుతున్నా.

2018లో నేను ఆండ్రూ లక్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని 9వ రౌండులో తీసుకున్నాను. భుజం ఆపరేషన్‌తో అంతకుముందు ఏడాదంతా ఆడలేదు, అందుకే అంత కిందికి వచ్చాడు. వచ్చి 39 టచ్‌డౌన్ పాసులు వేశాడు. అదే ఏడాది నవంబరులో బాల్టిమోర్ కొత్త కుర్రాడు లామార్ జాక్సన్‌ని కూడా ఊరికే పడుంటే ఏరుకున్నాను. సీజన్ అయ్యేసరికి ఇద్దరూ నావాళ్ళే. ఒక్కణ్ణే ఉంచుకోవాలి. లామార్ పరిగెత్తుతాడు గానీ పాస్ వెయ్యలేడు అన్నారందరూ. నేనూ అన్నాను. 8వ రౌండు ధరకి లక్‌ని రాసిచ్చాను. మన లీగ్‌లో కీపర్ పేరు ఇవ్వడానికి గడువు ఆగస్టు 15. ఎందుకయ్యా ఆ తేదీ అంటే, స్వాతంత్ర్య దినం, అందరికీ గుర్తుంటుందన్నాడు కమిషనర్. డ్రాఫ్ట్ ఎప్పుడు? ఆగస్టు 31. పదహారు రోజులు!

ఆగస్టు 24, శనివారం రాత్రి. కృష్ణాష్టమి వారాంతం. మా ఇంట్లో పిల్లలతో ఉట్టి కొట్టిస్తున్నాం. మా చిన్నాడు నెమలి పింఛం పెట్టుకుని కర్ర ఎత్తాడు, నేను తాడు లాగుతున్నాను. జేబులో ఫోను మోగింది. ఒంటి చేత్తో తీసి చూశాను. ఆండ్రూ లక్ రిటైర్. ఇరవై తొమ్మిదేళ్ళు! ఇండియానాపోలిస్‌లో ప్రీసీజన్ మ్యాచ్, అంటే సీజన్‌కి ముందు ఆడే సన్నాహక మ్యాచ్, నడుస్తుండగానే వార్త పొక్కింది, మనిషి పక్కన నిలబడే ఉన్నాడు, లోపలికి వెళ్తుంటే సొంత జనమే బూ అని అరిచారు. నేను తాడు వదిలేశాను. ఉట్టి వచ్చి మా చిన్నాడి ముందు పడింది, పెరుగంతా వాడి పట్టుపంచె మీద. మా ఆవిడ అడిగింది, ఏమైందండీ అని. లక్ పోయిందే అన్నాను. మన లక్ ఎప్పుడుంది గనక అంది.

అప్పటికప్పుడు బావమరిదికి ఫోన్ చేశాను. ఒరేయ్, డ్రాఫ్ట్‌కి ఇంకా వారముంది, లక్ బదులు లామార్ పేరు రాసుకో అన్నాను. "రూలంటే రూలే బావా" అన్నాడు. వాళ్ళక్క కూడా వాడివైపే మాట్లాడింది. లక్కూ పోయాడు, 8వ రౌండూ పోయింది. డ్రాఫ్ట్ రోజు లామార్‌ని పదో రౌండులో ఎవరు తీసుకున్నారు? వేలెత్తి చూపించక్కర్లేదు. ఆ ఏడు లామార్ 36 టచ్‌డౌన్ పాసులు వేసి, 1,206 గజాలు పరిగెత్తి, ఒక్క ఓటు కూడా అవతలికి పోకుండా ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, అయ్యాడు. మన ట్రోఫీ రాగి చెంబు మా అత్తగారింటి షోకేసులో కూర్చుంది. సంక్రాంతికి వెళ్తే ఆ చెంబుతోనే నాకు మంచినీళ్ళిచ్చారు.

నా తప్పు లేదా అంటే ఉంది. ఇందాక చెప్పిన లెక్క ప్రకారం అసలు క్వార్టర్‌బ్యాక్‌కి 8వ రౌండు ఇవ్వడమే దండగ. పైగా లక్‌కి వేసవి నుంచీ పిక్క నొప్పి అన్నారు, తర్వాత చీలమండ అన్నారు, ప్రాక్టీసుకి రావట్లేదన్నారు. అన్నీ చదివాను. ఒప్పుకుంటున్నాను. అయితే నేను తెలివితక్కువవాణ్ణి కావడానికీ, ఈ గడువు తప్పు కావడానికీ సంబంధం లేదు. ప్రీసీజన్‌లో మోకాళ్ళు పోతాయి, కాంట్రాక్టు గొడవలు వస్తాయి. అవన్నీ డ్రాఫ్ట్ చేసేటప్పుడు చూసి ఎంచుకుంటాం, కీపర్‌కి మాత్రం రెండు వారాల ముందే కళ్ళకి గంతలు కట్టుకోవాలా?

ఐదు నిమిషాలేనా? ఐపోయింది, ఐపోయింది.

నా తీర్మానం ఒక్కటే. గడువు డ్రాఫ్ట్ ముందురోజు రాత్రి పన్నెండింటికి మార్చాలి. ఈ ఏడుకి కాకపోతే వచ్చే ఏటికి. పన్నెండు మందిలో ఎనిమిది ఓట్లు కావాలని మన రూల్స్‌లోనే ఉంది. రూలంటే రూలే కదా. కొత్తగా వచ్చిన నలుగురూ, మీకింకా ఎవరితోనూ మొహమాటాలు లేవు, నిస్సంకోచంగా చేతులెత్తండి. మాస్టారూ, బజ్జీ ఎడమ చేతిలోకి మార్చుకోండి. వదినా, మీరు దించండి, మీకు ఓటు లేదు. ఆరు... ఏడు... కమిషనర్ గారూ, అటు గుమ్మం దగ్గర కూడా ఎవరో ఎత్తారు, సరిగ్గా లెక్కపెట్టండి.