తేనెపట్టును తన్నుకుపోయే గద్ద

[విజువల్: అపార్ట్‌మెంట్ పై అంతస్తు సన్‌షేడ్ కింద వేలాడుతున్న పెద్ద తేనెపట్టు. కింద పార్కింగ్‌లో జనం తలా ఒక దిక్కుకు పరుగు.]

వాయిస్:
ఎండలు ముదిరే వేళకి వైజాగ్‌లో ఏదో ఒక అపార్ట్‌మెంట్‌లోనో, కాలేజీలోనో ఈ గొడవ ఉండేదే. పొద్దుటిదాకా తమ మానాన తామున్న తేనెటీగలు ఒక్కసారిగా లేచి, కింద కనిపించిన ప్రతివాళ్లనీ కుట్టేస్తాయి. ఆ సాయంత్రమే పంచాయితీ. "పిల్లలెవరో రాయి వేసుంటారండీ" అని ఒకరు. "ట్యాంకు కడగడానికి వచ్చినవాడే కదిపుంటాడు" అని ఇంకొకరు. రాయి వేసే పిల్లలు లేరని నేనను. కానీ అసలు దోషి ఒక్కోసారి ఆకాశంలోంచి వస్తుంది. పట్టులో ఒక ముక్క కాళ్లతో ఊడబెరుక్కుని, మనమంతా కిందికి చూసుకుంటూ ఉండగానే చల్లగా వెళ్లిపోతుంది.

[విజువల్: గద్ద పట్టు మీదకి దూసుకొచ్చే షాట్, స్లో మోషన్. ఇక్కడ మ్యూజిక్ వద్దు, ఈగల రొద మాత్రమే.]

దీని పేరు తేనెగద్ద. శాస్త్రీయ నామం పెర్నిస్ టిలోరింకస్. రెక్కలు చాచితే నాలుగడుగుల పైమాటే. కోడిపిల్లని తన్నుకుపోయే గద్ద మనందరికీ తెలుసు. ఇది తన్నుకుపోయేది తేనెపట్టుని.

పేరులో తేనె ఉంది కాబట్టి తేనె కోసమే వస్తుందనుకుంటాం. తేనె కూడా తింటుంది, కానీ దాని కన్ను పట్టులోని పిల్ల పురుగుల మీద. గదుల్లో తెల్లగా, మెత్తగా ఉండే లార్వాలు, ఇంకా రెక్కలు రాని ప్యూపాలు. వాటిలో ప్రోటీన్, కొవ్వు ఉంటాయి. తేనెలో దాదాపు అంతా చక్కెరే. ఒట్టి చక్కెరతో గద్దపిల్లకి కండ పట్టదు కదా! అందుకే తల్లీతండ్రీ పట్టు ముక్కనే గూటికి మోసుకెళ్తాయి. మన దేశంలో ఇవి గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచేది ఫిబ్రవరి నుంచి జులై దాకా. మన దగ్గర మామిడి, జీడిమామిడి పూతలు, పట్లు నిండుగా ఉండే కాలం దాదాపు అప్పుడే.

[గ్రాఫిక్: కొండ తేనెటీగ పట్టు బొమ్మ. పైభాగం పసుపు రంగులో, కింది భాగం తెలుపు రంగులో.]

మన భవనాలకి వేలాడే పెద్ద పట్లు కొండ తేనెటీగలవి. పెట్టెల్లో పెంచే పుట్ట తేనెటీగలు చీకటి తొర్రల్లో ఉంటాయి. పొదల్లో చిన్న పట్టు పెట్టేవి విసనకర్ర తేనెటీగలు. కొండ తేనెటీగ మాత్రం బాహాటంగా, ఎత్తుగా, ఒకే ఒక్క పట్టు పెడుతుంది. బూరుగు చెట్టయినా సరే, వాటర్ ట్యాంకయినా సరే. వేల ఈగలు ఆ పట్టుని ఒంటితో కప్పేసి ఉంటాయి. కొమ్మకో, గోడకో అతుక్కునే పైభాగంలో తేనె, దాని కింద పిల్లల గదులు. ఏజెన్సీలో తేనె తీసేవాళ్లకి కావలసింది ఆ పైభాగం. గద్దకి కావలసింది కింది భాగం. నన్నడిగితే ఇద్దరూ మాట్లాడుకుని పంచుకోవచ్చు. ఆ మాట ఈగలు ఒప్పుకోవాలంతే.

ఒప్పుకోవు. తేనెతుట్టె కదపడం అనే మాట మనకి ఊరికే రాలేదు.

[విజువల్: తేనెగద్ద ముఖం, బాగా దగ్గరగా.]

మరి గద్దని కుట్టవా? కుట్టడానికి వస్తాయి, వెంటపడతాయి. అయితే దాని ముఖం చూడండి. కంటికీ ముక్కుకీ మధ్య మిగతా గద్దలకి పలచటి వెంట్రుకల్లాంటి ఈకలుంటాయి. దీనికి చిన్నచిన్న గట్టి ఈకలు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్నాయి. కొండి దిగడానికి సందు దొరకదు. ముక్కురంధ్రాలు గుండ్రంగా కాకుండా సన్నని గీతల్లా ఉంటాయి, మైనమో మట్టో లోపలికి పోకుండా. కాళ్ల మీద మందమైన పొలుసులు. గోళ్లు కూడా చూడండి, వేటాడే గద్దలకున్నంత వంపు లేదు. ఇది నేల మీద నడుస్తుంది, కందిరీగల గూడు దొరికితే తవ్వుతుంది. అలా తవ్వే గోళ్లివి.

పెద్ద పట్టు దగ్గర దీని పద్ధతి వేరు. ముందు ఎగిరొచ్చి కాళ్లతో తన్నుతుంది. ఈగలు మేఘంలా లేస్తాయి. వెళ్తుంది, మళ్లీ వస్తుంది. ఒక్కోసారి రెండు మూడు గద్దలు కలిసి వస్తాయి. ఈగలు చెదిరి పట్టు బయటపడ్డాక ముక్క చేజిక్కించుకుంటుంది. రెక్కలున్న గద్ద పైకి వెళ్లిపోతుంది. రెచ్చిపోయిన ఈగలకి మిగిలేది కింద నడిచే మనం. పార్కింగ్‌లో స్కూటర్ తీస్తున్న పెద్దాయన ఏ పాపం చేశాడని?

పట్టు ఎక్కడుందో దీనికెలా తెలుస్తుంది అంటే, ఎక్కువ పని కంటితోనే. కానీ వాసన కూడా పడుతుందని తైవాన్‌లో తేలింది. అక్కడ పూలు తక్కువగా ఉన్న రోజుల్లో పెంపకందారులు ఈగలకి పుప్పొడి, సోయా, చక్కెర కలిపిన ముద్ద పెడతారు. తేనెగద్దలు ఆ ముద్దలకి మరిగాయి. పుప్పొడి ఉన్న ముద్ద, లేని ముద్ద పక్కపక్కన పెట్టి చూస్తే, పుప్పొడి ఉన్నదాన్నే ఏరుకున్నాయి. 2015లో ఆ పరిశోధన వెలువడింది. పక్షులకి వాసన తెలియదని చిన్నప్పుడు ఎవరో చెబితే నమ్మేసినవాళ్లలో నేనూ ఉన్నాను లెండి.

[మ్యాప్: జపాన్ నుంచి ఇండోనేషియా దాకా కదిలే గీత.]

మన దగ్గర ఏడాది పొడుగునా ఉండే తేనెగద్దలున్నాయి, చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చేవీ ఉన్నాయి. జపాన్ గద్దలకి శాటిలైట్ ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే, శరదృతువులో సుమారు 700 కిలోమీటర్ల సముద్రం దాటి చైనా చేరి, అక్కణ్ణుంచి ఇండోనేషియా దాకా వెళ్లాయి. వసంతంలో తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ సముద్రం జోలికి పోకుండా కొరియా మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరాయి.

[విజువల్: మళ్లీ అపార్ట్‌మెంట్. వాచ్‌మన్ పైకి చూస్తున్నాడు.]

ఇప్పుడు మన టెన్షన్ సంగతి. ఈగలు లేస్తే నిలబడి చేతులు విసరకండి. కుట్టిన ఈగ కొండి మన ఒంట్లోనే ఉండిపోతుంది, దాని నుంచి వచ్చే వాసన మిగతా ఈగల్ని అక్కడికే పిలుస్తుంది. ముఖం కప్పుకుని దగ్గర్లో ఉన్న గదిలోకో, కారులోకో పరిగెత్తి తలుపు వేసుకోండి. నీళ్లలో దూకితే లాభం లేదు, తల పైకెత్తేదాకా పైనే తిరుగుతాయి. కొండిని గోరుతో వెంటనే గీకేయండి. గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కుట్లు చాలా పడినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి. ఇక రాత్రిపూట కాగడా పెట్టి పట్టు తగలబెట్టే ఆలోచన అసోసియేషన్ మీటింగ్‌లో వస్తే, దయచేసి వద్దనండి. పూత అయిపోయాక ఆ ఈగలు వాటంతటవే వలస పోతాయి. గద్ద బాగా చెదరగొడితే అంతకన్నా ముందే పోతాయి. అందాకా ఆ పక్కకి ఎవరూ వెళ్లకుండా తాడు కడితే చాలు. గద్ద మీద రాళ్లు వేయడం కూడా మానండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇస్తోంది.

[విజువల్: కంబాలకొండ మీద ఆకాశం. మూడు పక్షుల నీడబొమ్మలు పక్కపక్కన.]

చూడాలనుందా? జూ దగ్గరి కంబాలకొండకో, సింహాచలం కొండల వైపుకో వెళ్లండి. మరీ తెల్లారగట్ల అక్కర్లేదు. ఎండెక్కి వేడిగాలి లేచాక ఈ గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా పైకి తేలతాయి. ఫిషింగ్ హార్బర్ దగ్గర గుంపులుగా తిరిగే మామూలు గద్దకి తోక చివర చీలి ఉంటుంది. ఇటుకరంగు ఒళ్లు, తెల్లటి తల ఉంటే అది గరుడపక్షి. తేనెగద్ద ఒంటి రంగుని మాత్రం నమ్మకండి. ఒకటి తెల్లగా, ఒకటి గోధుమగా, ఇంకొకటి దాదాపు నల్లగా ఉంటుంది. మెడ పొడుగ్గా ముందుకు సాగి, దాని చివర పావురానికున్నంత చిన్న తల, తోక మీద అడ్డంగా వెడల్పాటి చారలు, తోక చివర గుండ్రంగా. ఆ మూడూ కలిస్తే, ఫోన్ తీసి జూమ్ చేయండి.