ఓడ దిగిపోయిన మనిషి

శ్రోతలకు నమస్కారం. ముందు మీకో ఓడ సంగతి చెప్పాలి. 1955 జనవరి, వియత్నాం దక్షిణ కొసన కా మావ్ తీరం. అప్పటికి ఆరు నెలల క్రితమే జెనీవాలో ఒప్పందమై దేశం రెండు ముక్కలైంది, ఉత్తరం కమ్యూనిస్టులకి, దక్షిణం వాళ్లంటే పడనివాళ్లకి, రెండేళ్లలో ఎన్నికలు పెట్టి మళ్లీ కలిపేస్తామని మాట. ఆ మాట ఎలా నడుస్తోందో చూడ్డానికి వేసిన అంతర్జాతీయ కమిషన్‌కి అధ్యక్షత మన దేశానిదే, పోలండ్, కెనడా మిగతా ఇద్దరు. దక్షిణాన వలస పాలకులైన ఫ్రెంచివాళ్లతో పోరాడిన గెరిల్లాలని ఉత్తరానికి చేర్చే పోలండ్ ఓడ ఒకటి అక్కడ ఆగి ఉంది. నలభై ఏడేళ్ల నాయకుడొకాయన అందరూ చూస్తుండగానే ఆ ఓడెక్కాడు. ఆ రాత్రే, ఎవరి కంటా పడకుండా, చిన్న పడవలోకి దిగి మళ్లీ ఒడ్డుకొచ్చేశాడు. ఆయన ఉత్తరానికి వెళ్లిపోయాడనే అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం మెకాంగ్ డెల్టా ఊళ్లలోనూ, తర్వాత దక్షిణాది రాజధాని సైగాన్ నగరంలోనూ పేరు మార్చుకుని దాదాపు రెండేళ్లు దాక్కుని ఉన్నాడు.

ఆయన పేరు లె జువాన్. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే డువాన్ అని చదువుతాం, ఉత్తరాది రాజధాని హనోయ్‌లో దాన్ని జ అంటారు, సైగాన్ వైపు య అంటారు, కాబట్టి మీరెలా పలికినా ఎవరో ఒకరు తప్పు పడతారు, ధైర్యంగా పలికేయండి. వియత్నాం యుద్ధం అనగానే మనకి హో చి మిన్ గడ్డం గుర్తొస్తుంది, కాస్త చదువుకున్నవాళ్లకి జనరల్ జియాప్ గుర్తొస్తాడు. కలకత్తా వీధుల్లో కుర్రాళ్లు "నా పేరు నీ పేరు వియత్నాం" అని అరిచిన రోజుల్లో కూడా ఈయన పేరు పెద్దగా వినిపించలేదు. కానీ అమెరికాతో జరిగిన యుద్ధమంతా, మొదటినుంచి చివరిదాకా, పార్టీ పగ్గాలు ఉన్నది ఈయన చేతిలోనే. పరిశోధకులు కూడా ఈ సంగతిని గట్టిగా పట్టుకున్నది ఇటీవలి దశాబ్దాల్లోనే.

1907లో క్వాంగ్ త్రి రాష్ట్రంలో పుట్టాడు. దేశాన్ని రెండుగా చీల్చిన గీత తర్వాత ఆ రాష్ట్రం మీదుగానే పోయింది, అది వేరే సంగతి. రైల్వేలో గుమస్తా. హో లాగా దేశాలు తిరగలేదు, జియాప్ లాగా న్యాయశాస్త్రం చదివి చరిత్ర పాఠాలు చెప్పలేదు. 1930లో పార్టీలో చేరాడు, మరుసటి ఏడే ఫ్రెంచివాళ్లు పట్టుకుని ఇరవై ఏళ్ల శిక్ష వేశారు. 1936లో ఫ్రాన్సులో వామపక్ష ప్రభుత్వం రావడంతో వదిలేశారు, 1940లో మళ్లీ పట్టుకున్నారు, 1945 దాకా కాన్ దావ్ దీవిలో జైలు. మనకి అండమాన్ ఎలాగో వాళ్లకి కాన్ దావ్ అలాగ. మొత్తం మీద పదేళ్లు కటకటాల వెనకే గడిచాయి.

దక్షిణాది కార్యకర్తలు ఆయన్ని అన్న బా అనేవాళ్లు, అంటే మూడో అన్న. అక్కడో తమాషా ఉంది, దక్షిణ వియత్నాంలో ఇంట్లో మొదటి బిడ్డని రెండు అనే పిలుస్తారు, ఒకటి అనరు, అందుకని మూడో అన్న అంటే మన లెక్కలో రెండోవాడు. ఇంకో ముద్దుపేరు రెండొందల కొవ్వొత్తుల దీపం, బుర్ర అంత వెలుగని.

1956లో జరగాల్సిన ఎన్నికలు జరగలేదు. దక్షిణాన అధ్యక్షుడు జ్యెమ్ ప్రభుత్వం కమ్యూనిస్టులని ఏరి ఏరి పట్టుకుంటోంది. హనోయ్ పెద్దలేమో ఓపిక పట్టండి, ముందు ఉత్తరాన్ని నిలబెట్టుకుందాం అంటున్నారు. రోజూ పక్కవాడు మాయమవుతుంటే ఓపిక పట్టడం ఎలా ఉంటుందో హనోయ్‌లో కూర్చున్నవాళ్లకి ఏం తెలుస్తుంది? సైగాన్‌లో దాక్కునే జువాన్ ఒక పత్రం రాశాడు, దక్షిణానికి విప్లవం తప్ప మరో దారి లేదని. సరిగ్గా అదే ఏడాది ఉత్తరాన భూసంస్కరణల పేరుతో వేలమందిని చంపి, తర్వాత తప్పు జరిగిందని పార్టీయే ఒప్పుకోవాల్సి వచ్చింది, కార్యదర్శి త్రువాంగ్ చిన్ పదవి వదిలాడు. ఖాళీ అయిన కుర్చీకి ఆ పాపంతో సంబంధం లేని మనిషి కావాలి. 1957లో జువాన్‌కి హనోయ్ నుంచి పిలుపొచ్చింది. 1960 సెప్టెంబరు మహాసభలో మొదటి కార్యదర్శి, అంటే పార్టీలో అందరికన్నా పై నాయకుడు, అయ్యాడు.

అప్పటికే, 1959లో, ఆయుధాలు పట్టాలన్న తీర్మానం జరిగిపోయింది, అడవుల్లోంచి దక్షిణానికి దారి తొలిచే దళం మొదలైంది. మనం హో చి మిన్ బాట అంటామే, అదే. పేరు హోది, పట్టుదల జువాన్‌ది. 1963 చివర్లో జ్యెమ్ హత్య జరిగాక, అమెరికా పూర్తిగా దిగకముందే తేల్చేయాలని పార్టీ చేత పెద్ద యుద్ధానికి ఒప్పించాడు. తేలలేదు. 1965లో అమెరికా సైన్యం దిగనే దిగింది.

ఇక టెట్, అంటే వియత్నాం కొత్త సంవత్సరం పండగ, ఆ పూట జరిగిన దాడికీ అదే పేరు. నాకు ఆయన పూర్తిగా కనిపించేది ఇక్కడే. మూకుమ్మడి దాడి, మూకుమ్మడి తిరుగుబాటు అన్నది ఆయన నమ్మకం, అంటే మనం నగరాల మీద పడితే చాలు, జనం ఇళ్లలోంచి బయటికొచ్చి ప్రభుత్వాన్ని కూలదోస్తారని. 1967లో ఈ పథకం రూపు దిద్దుకుంటున్నప్పుడే హనోయ్‌లో అరెస్టులు మొదలయ్యాయి. చర్చలన్నవాళ్లు, ఆచితూచి వెళ్దామన్నవాళ్లు, జియాప్ దగ్గర పనిచేసిన అధికారులు, ఆఖరికి ఒకప్పుడు హోకి కార్యదర్శిగా ఉన్న మనిషిని కూడా లోపలేశారు, విచారణ అన్నది లేకుండానే ఏళ్లకేళ్లు. పదేళ్లు జైల్లో మగ్గిన మనిషి ఈ పని చేయించాడన్నది నాకు మింగుడు పడదు. దాడి మొదలైన రోజుకి హో వైద్యం కోసం బీజింగ్‌లో ఉన్నాడు, జియాప్ హంగరీలో ఉన్నాడు. యుద్ధానికి ముఖాలనుకున్న ఇద్దరూ దేశంలోనే లేరు.

1968 జనవరి 30, 31 తేదీల్లో, కొత్త సంవత్సరం పండగ పూట, సుమారు 80 వేలమంది వందకు పైగా పట్టణాల మీద ఒక్కసారే విరుచుకుపడ్డారు. జనం తిరగబడలేదు. తలుపులేసుకున్నారు. హుయే నగరం దాదాపు నెల రోజులు వాళ్ల చేతిలో ఉంది, తర్వాత అక్కడి సామూహిక సమాధుల్లో 2,800 శవాల దాకా బయటపడ్డాయి, ఆ లెక్క మీద, ఎవరు ఎందుకు చంపారన్న దాని మీద ఇప్పటికీ తగువే. దక్షిణాన ఏళ్లతరబడి పెంచుకున్న గెరిల్లా దళాలు తుడిచిపెట్టుకుపోయి, ఆ ఖాళీలు ఉత్తరాది కుర్రాళ్లతో నింపాల్సి వచ్చింది. అయితే టీవీలో ఇదంతా చూసిన అమెరికా జనానికి గుండె జారిపోయింది, మార్చి 31న అధ్యక్షుడు జాన్సన్ మళ్లీ పోటీ చేయనని చెప్పేశాడు. అందుకని టెట్ ఓడి గెలిచిన యుద్ధం అంటారు. ఇదంతా జువాన్ ముందే లెక్కేసిన ఎత్తు అనేవాళ్లూ ఉన్నారు, నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు. ముందే తెలిసుంటే మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి అదే దెబ్బ కొట్టించి అంతమందిని ఎందుకు పోగొట్టుకుంటాడు? మొదటిసారి లేవని జనం రెండోసారి లేస్తారనుకున్నాడు, మూడోసారి కూడా అనుకున్నాడు.

1972లో మళ్లీ అలాంటిదే, ఈసారి ట్యాంకులతో. పారిస్ చర్చల్లో కూర్చున్న లె డుక్ తో అనే ఆయన జువాన్ కుడిభుజమే, అమెరికా తరఫున కూర్చున్న కిసింజర్‌తో కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇస్తే వద్దన్నాడు. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడింది. ఇరవై ఏళ్ల కిందట ఓడ దిగిపోయిన మనిషి మాట చెల్లింది. దానికి అయిన ఖర్చు కూడా చెప్పాలి కదా, వియత్నాం ప్రభుత్వమే 1995లో చెప్పిన లెక్క, తమవైపు పోరాడినవాళ్లు 11 లక్షలమంది, సామాన్యులు 20 లక్షలమంది చనిపోయారు.

యుద్ధంలో మొనగాడు, శాంతిలో విఫలుడు అని రెండు ముక్కలు చేసి చెప్పడం వియత్నాంలో కూడా వినిపిస్తుంది. నాకైతే రెండు చోట్లా ఒకే మనిషి కనిపిస్తాడు. సైగాన్‌ని ఎంత తొందరగా గెలవాలనుకున్నాడో అంత తొందరగా దాన్ని సోషలిస్టు నగరం చేసేయాలనుకున్నాడు. పాత ప్రభుత్వంలో పనిచేసినవాళ్లని లక్షల్లో పునర్విద్య శిబిరాలకి పంపారు, కొన్నాళ్లే అని చెప్పి కొందర్ని పదేళ్లు దాటినా వదల్లేదు. 1978 మార్చిలో దక్షిణాన ప్రైవేటు వ్యాపారం రద్దు చేసి కొట్లు మూయించారు, దెబ్బ ఎక్కువ తగిలింది సైగాన్‌లోని చోలన్ పేటలో ఉండే చైనా మూలాలవాళ్లకి. జనం పడవలెక్కారు. ప్రాణాలతో ఒడ్డు చేరినవాళ్లే ఇరవై ఏళ్లలో సుమారు 8 లక్షలమంది, సముద్రంలో పోయినవాళ్లకి లెక్కే లేదు.

కంబోడియా సంగతి మాత్రం అంత తేలిగ్గా తీర్పు చెప్పలేం. అక్కడి పాలకుడు పోల్ పాట్ సేనలు సరిహద్దు దాటొచ్చి వియత్నాం ఊళ్లని ఊచకోత కోశాయి, 1978 డిసెంబరులో జువాన్ సైన్యాన్ని పంపితే రెండు వారాల్లో ఆ రాక్షస పాలన కూలింది. ఒక జాతి ఊపిరి పీల్చుకుంది. కానీ ఆ సైన్యం పదేళ్లకి పైగా అక్కడే ఉండిపోయింది, చైనా 1979 ఫిబ్రవరిలో ఉత్తర సరిహద్దు మీద పడింది, ప్రపంచంలో చాలా దేశాలు మొహం తిప్పుకున్నాయి. సోవియట్ కూటమి బయట ఆ కొత్త కంబోడియా ప్రభుత్వాన్ని గుర్తించిన అతి కొద్ది దేశాల్లో మనది ఒకటి, 1980లో.

ఇంట్లో ఆకలి. అన్నంలో జొన్నలు కలుపుకు తిన్న కాలం అది. వియత్నాంలో దిగులు మొహం వేసుకున్నవాణ్ణి ఇప్పటికీ "బియ్యం కార్డు పోగొట్టుకున్నట్టున్నావే" అంటారు, ఆ సామెత రేషన్ రోజులదే. రేషన్ షాపు క్యూలో నిలబడ్డ మనవాళ్లకి దీన్ని విడమరచక్కర్లేదు. 1981లో రైతు కుటుంబాలకి పొలం కాంట్రాక్టుగా ఇస్తే పంట పెరిగింది, అదీ ఆయన హయాంలోనే, అయినా పెద్ద దారి మార్చలేదు. 1985లో నోట్లు మార్చారు, మరుసటి ఏడు ధరలు 700 శాతం దాటి పెరిగాయి. 1986 జులై 10న జువాన్ పోయాడు. ఆ డిసెంబరులోనే పార్టీ దోయ్ మోయ్ అని కొత్త దారి పట్టింది, బజార్లు మళ్లీ తెరుచుకున్నాయి.

ఇప్పుడు ఆయన పేరు వీధుల మీద ఉంది. హనోయ్ రైల్వే స్టేషన్ ఉన్నది లె జువాన్ వీధిలోనే, పాత రైలు గుమస్తాకి తగిన చోటే దొరికింది. సైగాన్‌లో టెట్ రాత్రి పట్టుమని ఇరవైమంది లేని దళం గోడకి కన్నం కొట్టి చొరబడిన అమెరికా ఎంబసీ ఉందే, అది ఉన్న రోడ్డు పేరు కూడా ఇప్పుడు లె జువాన్. కలకత్తాలో అమెరికా కాన్సులేట్ ఉన్న వీధికి హో చి మిన్ పేరు పెట్టారని మనవాళ్లు నవ్వుకుంటారు కదా, సైగాన్‌లో అమెరికావాళ్లు తమంతట తామే ఆ పాత చోటుకి తిరిగొచ్చి కాన్సులేట్ కట్టుకున్నారు, చిరునామా 4, లె జువాన్. వీసా కోసం ఫైళ్లు పట్టుకుని జనం నిలబడేది అక్కడే, వాళ్లలో ఆ రోజుల్లో పడవలెక్కి పోయిన బంధువుల దగ్గరికి వెళ్లేవాళ్లూ ఉంటారు.