మాయా పనివాళ్ళు ఏ రాయిని ఎందుకు ఏరుకున్నారు?

శ్రోతలకు నమస్కారం.

మధ్య అమెరికాలో, ఇప్పటి గ్వాటెమాలా అడవుల్లో మాయా అనే ప్రాచీన జాతి కట్టిన తికాల్ నగరపు గుళ్ళ ఫొటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ గుళ్ళ రాయిని చెక్కింది ఇనుప ఉలి కాదు. మాయా నగరాలు ఒక వెలుగు వెలిగిన క్రీ.శ. 250–900 మధ్య వాళ్ళ చేతుల్లో లోహపు పనిముట్లు లేవు. చెట్టు కొట్టాలన్నా, మాంసం కోయాలన్నా, మొక్కజొన్న నూరాలన్నా రాయే దిక్కు. అయితే ఏ రాయి పడితే ఆ రాయి కాదు.

అన్నిట్లోకీ పదునైనది అబ్సిడియన్. లావా గబుక్కున చల్లారి గాజులా మారిన నల్లరాయి ఇది. దిమ్మ అంచున మొనదేలిన పనిముట్టు పెట్టి బలంగా ఒత్తితే సన్నటి బద్ద లేచి వస్తుంది. గడ్డం గీసుకునే బ్లేడుకు తీసిపోదు. కానీ దాంతో మాను నరికితే నాలుగు దెబ్బలకే అంచు పెచ్చులూడిపోతుంది. అందుకే కోతకు అబ్సిడియన్, నరకడానికి చెకుముకి రాయి.

మంచి చెకుముకి రాయికి, గ్వాటెమాలా పక్కనున్న బెలీజ్ దేశపు ఉత్తరాన కోల్హా పేరుపడ్డ చోటు. అక్కడ తరతరాలుగా గొడ్డళ్ళూ బాడిశలూ చేసి చేసి, రాలిన పెచ్చులు దిబ్బలుగా పేరుకుపోయాయి. చుట్టుపక్కల పల్లెలకు తయారైన సరుకే వెళ్ళేది. రైతు దాన్ని మళ్ళీ మళ్ళీ పదును పెట్టుకుంటూ, అరిగి చిన్నదయ్యేదాకా వాడేవాడు. అంటే రాయిని ఎంచింది పనిముట్టు పట్టినవాడు కాదు, కోల్హాలో కూర్చుని దాన్ని చెక్కినవాడు.

అబ్సిడియన్‌కు ఇంకో సుగుణం ఉంది. ఒక్కో కొండ రాయిలో రసాయనాల పాళ్ళు ఒక్కోలా ఉంటాయి కాబట్టి, ముక్కను పరీక్షిస్తే పుట్టినచోటు తెలిసిపోతుంది. తికాల్‌లో దొరికినదాంట్లో ఎక్కువ భాగం గ్వాటెమాలా దక్షిణాన ఉన్న ఎల్ చయాల్ కొండలది. నడుమ 250 కిలోమీటర్లకు పైనే దూరం, బండ్లూ లేవు, బరువు మోసే పశువులూ లేవు. మనిషి వీపు మీద, కొంత నదుల్లో పడవల మీద రావలసిందే. మధ్య మెక్సికోలోని పచూకా నుంచి ఆకుపచ్చ అబ్సిడియన్ కూడా కొంత తికాల్ చేరింది. అంత దూరం నుంచి తెప్పించుకున్నది పదును కోసమేనంటే నేను నమ్మను. ఆ రంగుకూ, దాన్ని పంపిన టెయోతివాకాన్ నగరం పేరుకూ విలువ ఉండి ఉంటుంది.

ఇక వంటింటి సంగతి. సున్నపునీళ్ళలో నానిన మొక్కజొన్నను రోజూ నూరాలి. మన సన్నికల్లూ పొత్రం లాంటివే వాళ్ళవీ. పల్లపు ప్రాంతంలో కాళ్ళకింద ఉన్నది సున్నపురాయి. అది మెత్తన, పిండిలో ఇసుక కలిసి పళ్ళు అరుగుతాయి. అగ్నిపర్వతాల బసాల్ట్‌లో సన్నటి బెజ్జాలుంటాయి. పైపొర అరిగినా కింద కొత్త అంచులు తేలతాయి, గరుకుదనం పోదు. ఎంత బరువైనా దాన్ని దూరం నుంచి మోసుకొచ్చింది అందుకే.

ఇదంతా విని, జేడ్ అనే విలువైన ఆకుపచ్చ రాయి మాత్రం రాజుల నగలకే అనుకుంటాం. అదీ పూర్తి నిజం కాదు. దక్షిణ బెలీజ్ తీరాన, ఇప్పుడు నీట మునిగిన ఒక ఉప్పు తయారీ కేంద్రంలో కర్రపిడితో సహా జేడ్ ఉలి దొరికింది. మడ అడవి బురదలో గాలి తగలక ఆ పిడి చెక్కుచెదరలేదు. ఉలికి వాడినది నాసిరకం రాయి కాదు, మేలిరకం. జేడ్ ఓ పట్టాన పగలదు, కాబట్టి పనికి అది సరైన రాయే. మరి ఉప్పు వండేవాళ్ళకు అంత ఖరీదైనది ఎలా దక్కింది? ఉప్పు లేని ఇల్లు లేదు కదా! సరుకు బాగా అమ్ముడుపోయేది, వాళ్ళు కొనుక్కోగలిగి ఉంటారు.