స్వరలిపికి లొంగని ఫిడేలు

సభాధ్యక్షులకు, సంగీతాభిమానులకు నమస్కారం.

అమెరికా దక్షిణాది పల్లెల్లో, ముఖ్యంగా అపలాచియన్ కొండ ప్రాంతాల్లో, నృత్యాల కోసం తరతరాలుగా వాయిస్తూ వచ్చిన ఫిడేలు సంగీతాన్ని అక్కడివారు ‘ఓల్డ్ టైమ్’ అంటారు. 1940లలో బిల్ మన్రో బృందం తీర్చిదిద్దిన సంగీత శైలి బ్లూగ్రాస్‌కు పునాది కూడా చాలావరకు అదే. ఈ రెండింటి పాత రికార్డింగులను ఎందరో నేటికీ వెతికి వెతికి వింటున్నారు. గతకాలం మీది మమకారమే ఇందుకు కారణమనే మాట తరచుగా వినిపిస్తుంది కానీ, అది పూర్తి సమాధానమని నేను అనుకోను. కాగితం మీదికి ఎక్కించలేని వాద్యరహస్యాలు ఆ గరగర శబ్దాల వెనుక చెక్కుచెదరకుండా నిలిచి ఉండటమే అసలు ఆకర్షణ అని నా అభిప్రాయం.

1922 జూన్ చివరలో టెక్సాస్‌కు చెందిన ఎక్ రాబర్ట్‌సన్, మరో ఫిడేలు వాద్యకారుడైన హెన్రీ గిల్లిలాండ్‌తో కలిసి న్యూయార్క్ వెళ్లి విక్టర్ రికార్డుల కంపెనీకి వాయించాడు. జూలై 1న ఒక్కడే కూర్చుని ‘శాలీ గుడెన్’ అనే వరుసను రికార్డు చేశాడు. స్టూడియోలకు మైక్రోఫోను ఇంకా రాని రోజులవి. ధ్వని పెద్ద గరాటులోంచి వెళ్లి సూదిని కదిలిస్తే, ఆ సూది మైనం మీద గాడి గీసేది. రికార్డుకు ఒక పక్క పట్టేది సుమారు మూడు నిమిషాలు. పల్లెలో నృత్యం సాగినంతసేపూ తిప్పి తిప్పి వాయించే చిన్న వరుసను ఆయన ఆ మూడు నిమిషాల్లోనే పదికి పైగా రూపాల్లో చూపించాడు. ఒకసారి పై తీగ మీద, మరోసారి కింది తీగల మీద, పక్క తీగను వదలకుండా మోగిస్తూ అదే వరుసను కొత్తగా పలికిస్తాడు. ఏ రూపం తరువాత ఏది వస్తుందో ముందుగా ఊహించడం కష్టం.

ఈ సంగీతం వినడంలో మనకు ఒక అనుకూలత ఉంది. పాశ్చాత్య వయొలిన్ తీగలను మామూలుగా జి, డి, ఏ, ఈ స్వరాలకు బిగిస్తారు. దక్షిణాది వాద్యకారులు ‘ఏ’ శ్రుతిలోని ఎన్నో వరుసలకు కింది రెండు తీగలను పెంచి ఏ, ఈ, ఏ, ఈగా మారుస్తారు. అది అచ్చంగా మన కర్ణాటక వయొలిన్ విద్వాంసులు చేసుకునే స-ప-స-ప. మనకు ఆధారశ్రుతిని తంబురా ఇస్తుంది. అక్కడ ఆ పనిని కూడా కమానే, ఒకేసారి రెండు తీగలను తాకుతూ నెరవేరుస్తుంది. నార్త్ కరోలినాలోని రౌండ్ పీక్ ప్రాంతానికి చెందిన టామీ జారెల్ వాదనం వింటే గాంధారం కొన్నిచోట్ల సాధారణ, అంతర అనే రెండు గాంధార స్థానాల నడుమ ఎక్కడో నిలుస్తుంది. పియానో మెట్ల మీద దానికి చోటు లేదు. శ్రుతి తప్పిందని తొందరపడి తీర్పు చెప్పేవారు, ఆయన ప్రతిసారీ అదే స్థానానికి చేరుతున్నాడన్న సంగతి గమనించరు.

స్వరలిపికీ రికార్డుకూ ఉన్న దూరాన్ని చూపడానికి ఫిడేలు వాద్యకారుడు విలియం స్టెప్ ఉదంతాన్ని మించినది లేదు. 1937 అక్టోబరులో జానపద గీతాల సేకర్త అలన్ లోమాక్స్, ఆయన భార్య ఎలిజబెత్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం కెంటకీలోని సేల్యర్స్‌విల్‌లో స్టెప్ వాద్యాన్ని రికార్డు చేశారు. ఇతరులు నిదానమైన కవాతులా వాయించే ‘బోనపార్ట్స్ రిట్రీట్’ను ఆయన పరుగెత్తే నృత్యంగా మార్చి, తీగలను స-స-ప-స వచ్చేలా బిగించి వాయించాడు. స్వరకర్త రూత్ క్రాఫర్డ్ సీగర్ ఆ రికార్డు విని ఎంతో శ్రద్ధగా స్వరలిపి రాయగా, 1941లో అది అలన్, ఆయన తండ్రి జాన్ లోమాక్స్‌ల సంకలనంలో అచ్చయింది. మరుసటి ఏడాది అమెరికన్ స్వరకర్త ఆరన్ కోప్లండ్ తన ‘రోడియో’ బాలేలోని హోడౌన్ ఘట్టంలో ఆ వరుసను దాదాపు ఉన్నదున్నట్లు వాడుకున్నాడు. తరువాతి కాలంలో అది అమెరికా టెలివిజన్‌లో గొడ్డుమాంసం ప్రకటనకు కూడా ఎక్కింది! ఆర్కెస్ట్రా విన్నవారు ఒకసారి స్టెప్‌ను వినాలి. స్వరాలు అవే. అయితే అడుగున ఆగకుండా హోరెత్తే మంద్ర తీగ, దెబ్బ పడవలసిన చోటికి కాస్త ఇవతలో అవతలో ఊతమిచ్చే కమాను విసురు, ఒక స్వరంలోంచి మరొక స్వరంలోకి జారే వేలి ఒరవడి ఆర్కెస్ట్రాలో లేవు. సీగర్ లోపమేమీ కాదది. ఆమె కంటే నిశితంగా విన్నవారు అరుదు.

రికార్డు మరొక విధంగా కూడా కాలాన్ని దాటిస్తుంది. 1966, 67 సంవత్సరాల్లో అలన్ జబ్బూర్ అనే విద్యార్థి వర్జీనియాలోని గ్లెన్ లిన్‌కు వెళ్లి, ఎనభై ఏళ్లు దాటిన హెన్రీ రీడ్ వాద్యాన్ని టేపు చేశాడు. రీడ్ తన యౌవనంలో క్విన్స్ డిలియన్ అనే వృద్ధుడి దగ్గర వరుసలు నేర్చుకున్నాడు. ఆ డిలియన్ 19వ శతాబ్దం తొలినాళ్లలో పుట్టినవాడు. రీడ్ 1968లో మరణించాడు. ఆ టేపులే లేకపోతే ఆయన కమాను పట్టు చాలావరకు ఆయనతోనే పోయేది.

బ్లూగ్రాస్ సంగతి కొంత వేరు. అందులో ఫిడేలు వంతులవారీగా ముందుకొచ్చి మెరిసే వాద్యం. చబ్బీ వైజ్, కెన్నీ బేకర్ వంటివారి స్టూడియో రికార్డులు చక్కగానే ఉన్నాయి. నాకు మాత్రం 1950లలో మైక్ సీగర్, రాల్ఫ్ రింజ్లర్ వంటి అభిమానులు ఆరుబయలు కచేరీల్లో టేపు చేసుకున్నవే ఎక్కువ ఇష్టం. స్టూడియోలో దాచుకున్న సాహసం అక్కడ బయటపడుతుంది.

ఇంత చెప్పాక, ఈ భాండాగారాల్లో ఎవరు లేరన్నది కూడా చెప్పాలి. 1920లలో కంపెనీలు తెల్లవారికి ‘హిల్‌బిల్లీ’ రికార్డులు, నల్లవారికి ‘రేస్’ రికార్డులు అని విడదీసి, నల్లజాతి కళాకారుల నుంచి ప్రధానంగా బ్లూస్‌నే ఆశించాయి. దక్షిణాదిలో నృత్యాలకు ఫిడేలు వాయించిన నల్లజాతివారు ఎందరో ఉన్నా, రికార్డుకెక్కినవారు కొద్దిమందే. జార్జియాకు చెందిన ఆండ్రూ బాక్స్‌టర్ 1927లో తెల్లవారి బృందంతో కలిసి వాయించడం ఆ రోజుల్లో అపురూపమైన సంగతి. నార్త్ కరోలినాలోని మెబేన్‌కు చెందిన జో థామ్సన్ వాద్యం జానపద పరిశోధకుల చెవిన పడింది ఆయన నడివయసు దాటాకే. 2005 ప్రాంతంలో కరోలినా చాకొలెట్ డ్రాప్స్ బృందంలోని యువకళాకారులు ఆయన ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని ఆ వరుసలు నేర్చుకున్నారు. వారి 2010 నాటి ఆల్బమ్‌కు గ్రామీ పురస్కారం వచ్చినప్పుడు థామ్సన్ బతికే ఉన్నాడు.