మాల తీసిన మర్నాడు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పావుగంటా అక్కడే అయిపోతుంది. క్షమించాలి.

'మత విశ్వాసాలు, వైద్య విద్యార్థులు, టీకాలు' మీద మాట్లాడమన్నారు. నా మటుకు అది ఒక్క కుర్రాడి సంగతి. ఆవేళ హెపటైటిస్-బి టీకా మూడో డోసు. రక్తం ద్వారా అంటుకునే కాలేయ జబ్బది. రోజూ రక్తంతో పని కాబట్టి మనకా టీకా తప్పదు. మొదటిది వేసిన నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. రాజోలు వైపు కుర్రాడు, నల్లబట్టల్లో వచ్చాడు. "దీక్షలో ఉన్నాను, ఇప్పుడొద్దు సార్" అన్నాడు. క్లాసందరి ముందూ "డాక్టరువా, పూజారివా?" అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ డోసుకి మాత్రం మళ్లీ రాలేదు.

దీక్ష 41 రోజులే కదా! మూడో డోసు కాస్త ఆలస్యమైతే మళ్లీ మొదట్నుంచి వెయ్యక్కర్లేదని ఆ క్లాసుకి పాఠం చెప్పింది నేనే. మాల తీసిన మర్నాడు రమ్మంటే సరిపోయేది. మరుసటేడాది వార్డులో వాడికి సూది గుచ్చుకుంది. రిపోర్టు వచ్చేదాకా వాడికన్నా నాకే టెన్షన్. ఏమీ కాలేదు లెండి.

మా నాయనమ్మది లంక ఊరు. మశూచిని ఆవిడ ఏనాడూ జబ్బనలేదు, అమ్మవారు అంది. ఎవరికైనా పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేది, ఇంట్లో పోపు వాసన రానిచ్చేది కాదు. టీకాలాయన పడవ దిగితే పిల్లల్ని గడ్డిమేటు వెనక దాచేవారట. ఆయన కేకలేసేవాడు కాదట. ముందు గుడికెళ్లి దణ్ణం పెట్టుకుని, మా అరుగు మీద కూర్చుని మజ్జిగ అడిగేవాడట. నాయనమ్మ చేతి మీద ఆ టీకా మచ్చ నేను చూశాను. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. జాతర మాత్రం ఉంది. నేనూ వెళ్తాను, ఈ మాట ఇక్కడ అనొచ్చో లేదో!

ఎక్కడున్నాం? ఆ, విద్యార్థులు. కొన్ని టీకాల్లో పంది జెలటిన్ ఉంటుందటగా అని ఒక ముస్లిం అమ్మాయి అడుగుతుంది. రుబెల్లా టీకాని పిండం కణాల్లో పెంచుతారటగా అని ఒక క్రైస్తవ అబ్బాయి అడుగుతాడు. రెండూ నిజమే. రుబెల్లా టీకాకి వాడేది 1960ల్లో గర్భస్రావం చేయించిన పిండాల నుంచి తీసిన కణాల సంతతే. "అబ్బే, అదేం లేదు" అని బుకాయించకండి. వేరే టీకా లేనప్పుడు పిల్లల ఆరోగ్యం కోసం దాన్ని వాడొచ్చని వాటికన్ 2005లోనే చెప్పింది. ఆ సంగతి మనకి తెలిసుండాలా, వద్దా?

వెనక వరసలో మాల వేసుకున్న ఇద్దరూ, మిమ్మల్నే. బిగుసుకోకండి నాయనా, ఏమీ అనను. కార్డులో మూడో గడి ఖాళీయేనా? మాల ఎప్పుడు తీస్తారు? ఆ మర్నాటి తేదీ చెప్పండి, రాసుకుంటాను. ఎవరి దగ్గరైనా పెన్నుందా?