ఎపిసోడ్ 41: ఇంజన్ చేయించాక మొండికేసిన అంబాసిడర్

వాసు: ఎర్ర లైటు వెలుగుతోంది బావా, మొదలుపెడదాం. అందరికీ నమస్కారం. ఇవాళ్టి కేసు గుడివాడ నుంచి వచ్చింది. అంబాసిడర్, 1489 సీసీ పెట్రోలు బండి. బోరు కొట్టించి కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించారట. ఇంజన్ ఎక్కించాక స్టార్ట్ కావడం లేదు. సెల్ఫ్ మోటారు బరువుగా తిరుగుతోంది, అప్పుడప్పుడు కార్బురేటర్లోంచి టప్‌మని కొడుతోంది.

సుబ్బు: ఎర్త్ చూసుకోమను.

వాసు: ఇంకా చదవడం పూర్తి కాలేదు.

సుబ్బు: పూర్తయినా నా మాట మారదు. ఇంజన్ దించారు, కడిగారు, రంగేశారు. ఆ రంగు మీదే ఎర్త్ పట్టీ బిగించి ఉంటారు. లేదా పట్టీ పాత బోల్టుల డబ్బాలోనే ఉండిపోయి ఉంటుంది. ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లడానికి, బాడీకీ ఇంజనుకీ గట్టి కనెక్షన్ అంటే ఆ పట్టీయే.

వాసు: పట్టీ లేకపోతే సెల్ఫ్ అసలు తిరక్కూడదు కదా?

సుబ్బు: తిరుగుతుందిరా, అక్కడే బోల్తా పడతారు జనం. కరెంటు చోక్ కేబుల్ పట్టుకుని పోతుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ ముట్టుకుని చూడమను, వేడిగా ఉంటే విషయం తేలిపోయినట్టే. మీటరుంటే ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొస ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు దాటితే పట్టీ తీసి, కింద రంగు గీకి, మళ్లీ బిగించుకోవాలి.

వాసు: కొత్త రింగులు పడ్డ ఇంజన్ ఎలాగూ బిగుతుగానే ఉంటుంది. నన్నడిగితే ప్లగ్గులు నాలుగూ తీసి, బండి ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో ఇంజన్ తిప్పి చూడమంటాను.

సుబ్బు: హ్యాండిలా? సామర్లకోట గేటు దగ్గర నువ్వు చేసిన...

వాసు: సామర్లకోట వద్దు.

సుబ్బు: సరే, వద్దు. కానీ ఈ రోజుల్లో హ్యాండిల్ కొట్టమని ఎవరికైనా చెప్తారా?

వాసు: ఎందుకు చెప్పకూడదు? ప్లగ్గులు తీసి తిప్పితే ఎక్కడైనా పట్టేస్తోందో లేదో చేతికే తెలిసిపోతుంది. తర్వాత ప్లగ్గులు పెట్టి తిప్పితే ఒక్కో సిలిండర్ కంప్రెషన్ విడివిడిగా అందుతుంది. సెల్ఫ్ మోటారుకి ఇవేమీ తెలియవు, గుడ్డిగా తిప్పుతుందంతే.

సుబ్బు: చూడ్డానికి తిప్పడం వేరు, స్టార్ట్ చేయడానికి కొట్టడం వేరు. నువ్వు మొదటిది చెప్తావు, వినేవాడు రెండోది చేస్తాడు. పైగా టైమింగ్, అంటే స్పార్క్ ఎప్పుడు పడుతుందో తెలియని ఇంజన్ అది! స్పార్క్ ముందే పడితే పిస్టన్ వెనక్కి తంతుంది, హ్యాండిల్ కూడా దాంతోపాటే వెనక్కి తిరుగుతుంది.

వాసు: అందుకే బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి, హ్యాండిల్ చుట్టూ తిప్పకూడదు. కింద నుంచి పైకి లాగాలి, పైనుంచి కిందికి నొక్కకూడదు. పద్ధతి తెలిసినవాడికి...

సుబ్బు: మా నాన్నకు పద్ధతి తెలియదా?

వాసు: నేనాయన్ని అనలేదు.

సుబ్బు: రోజూ కొట్టేవాడు. ఒక్కరోజు తన్నింది, మణికట్టు విరిగింది. ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా తిరగలేదు. గేరు మార్చాల్సి వస్తే ఒళ్లంతా పక్కకి వంచేవాడు. చిన్నప్పుడు అదేదో స్టైల్ అనుకునేవాణ్ణి.

వాసు: ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే.

సుబ్బు: ఎప్పుడొచ్చింది సందర్భం? సర్లే. 1912లోనే కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ అనే అమెరికన్ ఇంజనీరు సెల్ఫ్ పెట్టాడు కదా. అన్నేళ్ల తర్వాత కూడా మనవాళ్లు అంబాసిడర్ ముందు వంగి హ్యాండిల్ కొట్టారు. నా కోపం దాని మీద.

వాసు: ఆ బండ్లో స్పార్క్ పుట్టించే పాయింట్లు, కాయిల్ పద్ధతి కూడా ఆ కెటరింగ్‌దే. ఆయన సెల్ఫ్ కావాలి గానీ పాయింట్లు పాడైతే మాత్రం తిడతావు.

సుబ్బు: తిట్టేది పాయింట్లను కాదు, పెట్టేవాణ్ణి. స్ప్రింగు దగ్గరుండే చిన్న ఇన్సులేషన్ వాషర్ తారుమారు చేస్తే పాయింట్లు ఎర్త్ అయిపోతాయి, స్పార్కే ఉండదు.

వాసు: మళ్లీ ఎర్త్!

సుబ్బు: నేనేం చేయను, అన్నీ అక్కడికే వస్తాయి.

వాసు: ఇతనికి స్పార్క్ ఉంది బావా, కార్బురేటర్లోంచి కొడుతోందంటే ఎక్కడో అంటుకుంటోందనేగా. నా అనుమానం ఒక్కో ప్లగ్గుకీ స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మీద. ఒకటో పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది, కంప్రెషన్‌లో ఒకసారి, ఎగ్జాస్ట్‌లో ఒకసారి. పుల్లీ మీది గుర్తు రెండుసార్లూ కలుస్తుంది. ఎగ్జాస్ట్‌లో ఉన్నప్పుడు చూసి డిస్ట్రిబ్యూటర్ డ్రైవు దింపితే సగం చుట్టు తేడాగా కూర్చుంటుంది. వాల్వ్ కవర్ తీసి చూడాలి. నాలుగో సిలిండర్ వాల్వులు ఒకటి మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటూ ఉంటే, ఒకటోది కంప్రెషన్‌లో ఉన్నట్టు. డిస్ట్రిబ్యూటర్లో తిరిగే రోటర్ అప్పుడు ఒకటో వైరు వైపు చూడాలి.

సుబ్బు: అంత దూరం ఎందుకు? ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు అంటుకునే వరుస, 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద ఒకటికి ఎదురుగా నాలుగు, మూడుకి ఎదురుగా రెండు ఉంటాయి. ఒకటీ నాలుగూ వైర్లు మార్చు, రెండూ మూడూ మార్చు, సెల్ఫ్ కొట్టు. అందుకుంటే నీ అనుమానం నిజమే.

వాసు: నాతో ఏకీభవించావు! తేదీ రాసుకోండి ఎవరైనా.

సుబ్బు: ఎర్త్ చూశాకే చేయమన్నాను.

వాసు: అలా అనలేదు.

సుబ్బు: ఇప్పుడంటున్నాను. ఇంకోటి, ఆయిల్ ప్రెషర్ రాకముందే గంటకొట్టినట్టు సెల్ఫ్ కొట్టకండి, కొత్త బేరింగులు అరిగిపోతాయి. ప్లగ్గులు తీసేసి, ఇగ్నిషన్ వైరు పీకేసి, ఆయిల్ పైకెక్కేదాకా తిప్పాలి.

వాసు: హ్యాండిల్‌తోనా?

సుబ్బు: వాసూ.

వాసు: సెల్ఫ్‌తోనే, సెల్ఫ్‌తోనే. రింగులు మరీ పొడిగా ఉండి కంప్రెషన్ రాకపోతే ఒక్కో సిలిండర్లో ఓ చెంచా ఆయిల్ పోసి... ఎవరది హారన్?

సుబ్బు: కింది వాటావాళ్లు. గేటుకి అడ్డంగా ఉన్న బండి నీదేనా?

వాసు: నాదే. తాళాలెక్కడ పెట్టాను?

సుబ్బు: ఆపెయ్, ముందు బండి తీసిరా.