బాణం గుర్తు లేని దారి

శ్రోతలకు నమస్కారం.

వీడియో గేమ్స్‌లో ఓపెన్ వరల్డ్ రోల్ ప్లేయింగ్ అని ఒక రకం ఉంది. అందులో మీరొక పాత్ర అవుతారు. కత్తి పట్టాలా, మంత్రాలు నేర్వాలా, దొంగతనాలతో బతకాలా, అంతా మీ ఇష్టం. అసలు కథను పక్కనపెట్టి కొండలూ ఊళ్లూ పట్టుకుని తిరిగినా అడిగేవాళ్లుండరు. ఈ ఆటలు మన ఊహకు పని చెబుతాయా, లేక ఎవరో రాసిన కథ వెంట నడిపిస్తాయా అన్నది ఆటగాళ్ల మధ్య పాత వాదమే. మ్యాప్ పెద్దదైతే ఊహకు చోటు పెరుగుతుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మనకు తట్టిన ఆలోచనకు ఆ లోకం బదులిస్తుందా లేదా అన్నదే అసలు సంగతి.

ఈ ఆటలకు మూలం కంప్యూటర్‌లో లేదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు, ఒకరు కథ నడుపుతారు. “తలుపు జోలికి పోను, పైకెక్కి పెంకులు తీసి దిగుతాను” అని ఆటగాడంటే, కథ నడిపేవారు కాస్త ఆలోచించి “సరే, పాచిక వెయ్యి” అంటారు. ఎదురుగా ఉన్నది మనిషి కాబట్టి ఎంత వింత ఆలోచనకైనా జవాబు దొరుకుతుంది. కంప్యూటర్‌కు ఆ వీలు లేదు. దానికి ముందే నేర్పి పెట్టిన నియమాలే దిక్కు.

అయితే ఆ నియమాలతోనే అద్భుతాలు జరుగుతాయి. 2011లో వచ్చిన స్కైరిమ్‌లో ఆటగాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. దుకాణదారు తల మీద బకెట్ బోర్లిస్తే అతనికేమీ కనబడదు, ఎదురుగానే సరుకు ఎత్తుకుపోవచ్చు. చూపుకు అడ్డముంటే కనబడదన్నది ఒక నియమం, వస్తువులను ఎత్తి ఎక్కడైనా పెట్టొచ్చన్నది మరొకటి. ఆ రెండింటినీ కలిపింది ఆడేవాళ్ల బుర్ర.

నాకు మాత్రం ఎక్కువ ఇష్టం అదే కంపెనీ, బెథెస్డా, 2002లో తెచ్చిన మారోవిండ్. అందులో ఎటు వెళ్లాలో చూపే బాణం గుర్తు ఉండదు. ఒక పురాతన పెట్టె తెమ్మని పంపేటప్పుడు దారి మాటల్లోనే చెబుతారు: ఊరు దాటు, కోట వైపు నడువు, పాత వంతెన కనబడుతుంది. తీరా శిథిలాల దగ్గరికి చేరితే తలుపు తెరుచుకోదు. చుట్టుపక్కల వెతికి, ఒక పైపుకున్న పిడి తిప్పితేనే తెరుచుకుంటుంది. దారి తప్పినప్పుడు ఇంకేదో గుహ కనబడుతుంది, ఆ రోజు ఆట అటే పోతుంది. రాళ్లూ వాగులూ గుర్తుపెట్టుకుని నడిచిన ప్రాంతం మనకు సొంత ఊరంత తెలిసిపోతుంది.

2006లో అదే కంపెనీ తెచ్చిన ఆబ్లివియన్ ఆటతో, తెర మీది దిక్సూచి మీదికి ఎటు వెళ్లాలో చూపే గుర్తు వచ్చింది. అప్పటినుంచి చాలామంది కళ్లు ఆ గుర్తు మీదే ఉంటున్నాయి. స్కైరిమ్‌లో దాన్ని ఆపేయొచ్చు కదా అంటారు. ఆపొచ్చు. కానీ పాత్రలు చాలాసార్లు దారి చెప్పనే చెప్పవు, గుర్తు ఉందన్న ధీమాతోనే ఆ మాటలు రాశారు. లోకం అంత విశాలంగా ఉన్నా, నడక మాత్రం తాడు పట్టుకుని నడిచినట్టే.

చేయి పట్టి నడిపించే కథను నేను తక్కువ చేయడం లేదు. 2015లో పోలండ్‌వాళ్లు తెచ్చిన విచర్ 3లో బ్లడీ బ్యారన్ కథ చూడండి. తాగి భార్యను కొట్టిన మనిషి, కడుపులోనే పోయిన బిడ్డ, ఇల్లు వదిలి వెళ్లిన తల్లీకూతుళ్లు. అతన్ని అసహ్యించుకుంటూనే జాలిపడతాం. అంత బరువైన కథ ఆటగాడు ఇష్టమొచ్చినట్టు తిరిగితే పుట్టదు, రచయిత కూర్చుని రాయాల్సిందే. అక్కడ మనకు ఎంపిక ఉంది. కానీ ఆ ఎంపికలన్నీ రచయిత ముందే ఆలోచించి పెట్టినవి.

మారోవిండ్‌లో కథకు కీలకమైన పాత్రను కూడా చంపేయొచ్చు. తర్వాత వచ్చిన ఆటల్లో అలాంటివాళ్లు చాలామంది స్పృహ తప్పి పడిపోయి, మళ్లీ లేస్తారు. ఇక్కడ అలా కాదు. జోస్యం దారం తెగిపోయిందని, ముందు దాచిపెట్టుకున్న ఆటకు, అంటే పాత సేవ్‌కి, వెనక్కి వెళ్లమని, లేదంటే నువ్వే పాడుచేసిన లోకంలో కొనసాగమని ఆట చెబుతుంది. కొనసాగితే అన్ని దారులూ మూసుకుపోయినట్టే ఉంటుంది. నిజానికి ఒక దొడ్డిదారి ఉంది. దేవుడిగా పూజలందుకునే వివెక్‌ను చంపి, అతని దగ్గరున్న వింత కవచాన్ని అంతరించిన జాతిలో మిగిలిన ఒకే ఒక్క మనిషి దగ్గరికి తీసుకెళ్తే, దాన్ని వాడుకునేలా చేసిపెడతాడు. దానికి మన ప్రాణశక్తిలో కొంత పోతుంది. కానీ ఆట పూర్తి చేయొచ్చు. ఈ దారి ఉందని అసలు కథలో ఎవరూ మనకు చెప్పరు.